జీపు ఇంజనూ, సోదె చెప్పేవాళ్లూ

మా జీపు ఇంజను సంగతి ఏం చేద్దామని పోయిన చలికాలంలో పదకొండు మందిని అడిగాను. తొమ్మిది మంది మార్చేయమన్నారు. ఆ తొమ్మిది మందిలో ఒక్కరైనా బానెట్ ఎత్తి చూడలేదు.

బండి 1992 మోడల్ మహీంద్రా ఎంఎం 540. నాన్న దాన్ని ఒక ప్రభుత్వ శాఖ వేలంలో కొన్నారు. నర్సీపట్నం దాటాక కొండ వారన మాకు కొంచెం జీడితోట ఉంది. తోటలోకి ఎరువు బస్తాలు మోయడం, జీడిపిక్కల కాలంలో గోతాలు దించడం, వానాకాలంలో గెడ్డ (వాగు) దాటడం, ఏడాదికోసారి చుట్టాలని లంబసింగి తీసుకెళ్లడం, ఇదీ దాని ఉద్యోగం. ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు తిరిగితే గొప్ప. తారు రోడ్డు మీద అరవై దాటిస్తే పక్క సీట్లో ఉన్న మా ఆవిడ నా మొహంకేసి చూస్తుంది.

ఆ లంబసింగి ఘాట్లోనే దాని పరువు పోయింది. డిసెంబరు, తెల్లవారుజామున నాలుగున్నర. పొగమంచు చూడ్డానికి వచ్చిన జనానికి మేం ఉత్త పొగ కూడా చూపించాం. సెకండ్ గేరులో ఎక్కాల్సిన చోట ఫస్టుకి దించినా ఇంజను మూలుగుతోంది. ఆపి ఆయిల్ పోసే మూత తీస్తే లోపల్నుంచి హుక్కా పీల్చినట్టు పొగ. అప్పటికే మూడు వందల కిలోమీటర్లకి లీటరు ఆయిల్ తాగుతోంది. పొద్దున్నే స్టార్ట్ చెయ్యాలంటే హీటరు ప్లగ్గులు మూడుసార్లు వేడెక్కించి, దేవుణ్ణి ఒకసారి తలుచుకోవాల్సి వస్తోంది.

ఇక సలహాలు మొదలయ్యాయి.

ఎక్కువమంది చెప్పింది డీఐ. మా వైపు జీపు ఉన్నవాళ్ల మధ్య "డీఐ వేయించెయ్" అన్నది ఒళ్లు బాగోలేదంటే "పారాసిటమాల్ వేస్కో" అన్నంత మామూలు మాట. కమాండర్లలో, మాక్స్‌లలో, కొన్ని పాత బొలేరోల్లో వచ్చిన 2523 సీసీ మహీంద్రా డీఐ ఇంజను అది. తుక్కు దుకాణాల్లో దొరుకుతుంది, సామాన్లు ప్రతి ఊళ్లోనూ దొరుకుతాయి, కళ్లు మూసుకుని బాగుచేసే మెకానిక్కులు ఉన్నారు. ఒకాయన టయోటా 2సీ అన్నాడు. ఎక్కడో తుక్కుగా దిగుమతైంది, "పట్టులా ఉంటుంది బ్రదర్" అని. మా బావమరిది ఇంకో మెట్టు ఎక్కి, యాక్సిడెంటైన స్కార్పియోలోంచి కంప్యూటరుతో నడిచే సీఆర్‌డీఈ డీజిల్ ఇంజను తీసి పెట్టిద్దాం అన్నాడు. వాడికి ఇప్పటికి మూడు బళ్లు మారాయి. ఒక్కదాని ఆయిలూ స్వయంగా మార్చుకోలేదు, అది వేరే విషయం.

ఇంజను మార్చడం మహాపాపం అనే బాపతు కాదు నేను. కంపెనీ నుంచి వచ్చిన ఇంజను నంబరే ఉండాలి, కంపెనీ రంగే ఉండాలి అని జీపుని పూజగదిలో పెట్టేవాళ్లంటే నాకు గౌరవమూ ఉంది, కొంచెం విసుగూ ఉంది. అసలు మన జీపుల చరిత్రే ఇంజన్లు మార్చుకుంటూ వచ్చిన చరిత్ర. బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడంతో మొదలైన కంపెనీ మహీంద్రా. ఆ పాత జీపులకి పెట్రోలు ఇంజను ఉండేది, 2199 సీసీ. పెట్రోలు ధరకి తట్టుకోలేక మన నాన్నల కాలంలో ఎంతమంది వాటిని డీజిల్ చేయించుకోలేదు? అలా చేయించుకోబట్టే సర్వీసు జీపులు ఏజెన్సీ ఊళ్ల మధ్య మనుషుల్నీ కోళ్లనీ ఒకే ధరకి మోశాయి. అంచేత ఇంజను మార్చారని ఎవర్నీ తప్పుపట్టను. నేను తప్పుపట్టేది ఒక్కటే. పాత ఇంజను ఎందుకు చచ్చిందో తెలుసుకోకుండా శవాన్ని తుక్కువాడికి తూకానికి వేసెయ్యడం.

ఈ ముక్క నాకు మొదట తట్టింది కాదు. నర్సీపట్నంలో ఒక పెద్ద మేస్త్రిగారు ఉన్నారు. ఇప్పుడు పెద్దగా పని చెయ్యరు. కొడుకు షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుని శబ్దాలు వింటుంటారు. నేను అడిగిన పదకొండు మందిలో ఆయన పదోవారు. డీఐ గురించి చెప్పబోతుంటే ఆపేశారు.

"ఏటి బాబూ, మార్సీద్దారనుకుంటన్నారా? మార్సీయండి, నానేటి వద్దంటనా. ముందు దీన్ని ఇప్పనీండి. ఇప్పకుండా సెప్పీవోడు డాట్రు కాడు, సోదె సెప్పీవోడు."

సరే, ఆ సోదె వద్దనుకున్నాం. విప్పకముందు కంప్రెషన్, అంటే సిలిండర్లో పిస్టను గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో, చూశారు. నాలుగు సిలిండర్లూ తక్కువే చూపించాయి. తర్వాత ఒక్కో సిలిండర్లో నాలుగు చుక్కలు ఆయిల్ వేసి మళ్లీ చూశారు. పెరిగితే పిస్టను రింగులూ, బోరూ (సిలిండరు లోపలి గోడ) అరిగినట్టు, పెరక్కపోతే వాల్వుల దగ్గర కారుతున్నట్టు. డీజిల్‌లో ఈ పరీక్ష కాస్త మోసం చేస్తుందని ఆయనే చెప్పారు. పిస్టను పైన మిగిలే ఖాళీ బాగా చిన్నది కాబట్టి చెంచాడు ఆయిల్ పోస్తే ఆ ఆయిలే జాగా ఆక్రమించి కంప్రెషన్ పెంచేస్తుంది, బాగున్నట్టు కనిపిస్తుంది. అందుకే చుక్కలు. మావి పెరిగాయి. బోరు పోయిందన్నమాట. ఇక్కడిదాకా ఆ తొమ్మిది మందీ ఊహించినదే.

ఊహించనిది ఇంజనుకి గాలి అందించే మానిఫోల్డు విప్పాక కనబడింది. మేస్త్రిగారి కొడుకు గాలి వెళ్లే దారిలో వేలు పెట్టి తీసి చూపించాడు. వేలు ఎర్రగా ఉంది. మా ఘాటు రోడ్డు మట్టి రంగు. గాలిని వడకట్టే ఆయిల్ బాత్ క్లీనరుకీ ఇంజనుకీ మధ్య ఉండే రబ్బరు గొట్టం, క్లిప్పు పక్కన, అడుగువైపు, మనిషి కంటికి ఆనని చోట అరంగుళం మేర చీలి ఉంది. క్లీనరు నిక్షేపంగా ఉంది. ప్రతి ఏడూ దాన్ని కడిగి ఆయిల్ మారుస్తూనే ఉన్నాను, గర్వంగా. గాలి మాత్రం దాన్ని తప్పించుకుని చీలికలోంచి, దుమ్ముతో సహా నేరుగా సిలిండర్లలోకి పోతోంది. దుమ్ము ఆయిల్‌తో కలిసిందంటే అదేమిటి? వాల్వులు నూరుకునే పేస్టు. ఎన్నేళ్లుగా నూరుకుంటోందో పాపం.

రెండోది రేడియేటరు. తోటలో బోరు నీళ్లు ఉప్పు. ఆ నీళ్లే పోసేవాళ్లం, కూలెంటు డబ్బా ఖర్చెందుకని. కోరు కోసి చూస్తే మూడోవంతు గొట్టాలు సున్నం పట్టి మూసుకుపోయి ఉన్నాయి. ఘాట్లో వేడెక్కేది ఇంజను ముసలిదై కాదు, దానికి చెమట పట్టే దారి మేమే మూసేశాం.

ఇప్పుడు ఆలోచించండి. ఆ పదకొండు మందిలో మెజారిటీ మాట విని ఆ వారమే డీఐ దింపించి ఉంటే ఏమయ్యేది? ఆ చీలిన గొట్టమో, దాని తమ్ముడో కొత్త ఇంజనుకి తగిలించేవాళ్లు. ఆ సున్నం పట్టిన రేడియేటరే ముందు నిలబడేది. ఏ రెండు జబ్బులు ఒక ఇంజన్ని చంపాయో అవే రెండో ఇంజను కోసం బండిలో కూర్చుని ఎదురుచూసేవి. మూడు నాలుగేళ్లకి అదీ పొగ వదిలితే, "ఈ డీఐలు ఇంతే" అనుకుని నేను టయోటావైపు చూసేవాణ్ణి.

బండి ఇంజను చెడిందంటే అది ఒక ఫిర్యాదు మాత్రమే. కారణం దాని చుట్టూ ఎక్కడో ఉంటుంది. విప్పితే ఇంజనే సాక్ష్యం చెబుతుంది. బోరు పైభాగంలో ఎక్కువ అరిగిందా, ఒకే పక్క అరిగిందా, పై రింగు సన్నబడిందా, బేరింగులో గీతలున్నాయా, ఇవన్నీ వాంగ్మూలాలు. కావాలంటే ఆ వాంగ్మూలాలు తీసుకున్నాక మార్చేయండి. ముందే మార్చేస్తే సాక్షిని మనమే మాయం చేసినట్టు.

డీఐ గురించి చెడు చెప్పి నా జీపుని గొప్ప చేయను. రెండు ఇంజన్లూ నాకు ముచ్చటే. మా 540లో ఉన్నది ప్యూజో నుంచి లైసెన్సు మీద వచ్చిన ఎక్స్‌డీపీ 4.90. పేరులోనే జాతకం ఉంది: నాలుగు సిలిండర్లు, 90 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండరు వెడల్పు. స్ట్రోకు, అంటే పిస్టను కదిలే దూరం, 83. లెక్కేస్తే 2112 సీసీ. ప్యూజో 504 డీజిల్ కార్లలో తిరిగిన కుటుంబం. అంటే పుట్టుకతో కారు ఇంజను. డీఐ కొలతలు చూడండి: బోరు 88.9, స్ట్రోకు 101.6 మిల్లీమీటర్లు. వింత అంకెలు కదా? అంగుళాల్లోకి మార్చండి, సరిగ్గా మూడున్నర, నాలుగు. మహీంద్రా వాళ్లు 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌తో కలిసి ట్రాక్టర్లు మొదలుపెట్టారు. ఆ అంగుళాలు ఆ ట్రాక్టరు ఇంటివి. మా వైపు దాన్ని "టాట్రింజను" అని వెక్కిరిస్తారు గానీ అందులో వెక్కిరింతకన్నా వంశవృక్షమే ఎక్కువ.

పొడుగు స్ట్రోకు కాబట్టి కింది ఆర్‌పీఎమ్‌లో దాని లాగుడు వేరు, ఒప్పుకుంటాను. దుక్కిటెద్దులా లాగుతుంది. కానీ అది 3200 తిరుగుళ్ల దగ్గర అలిసిపోయే ఇంజను. ఎక్స్‌డీపీ 4500 దాకా తిరుగుతుంది. గేరుబాక్సూ, యాక్సిల్లో క్రౌను పినియనూ మార్చకుండా ఇంజను ఒక్కటే మారిస్తే ప్రతి గేరులోనూ బండి పైవేగం దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. నేను అరవై దాటను కాబట్టి నాకు నష్టం లేదనుకుందాం. హైవే మీద తిరుగుదామని డీఐ వేయించుకునేవాళ్లని చూస్తే మాత్రం జాలేస్తుంది. ఆ లాగుడు బలమంతా పడేది ఎక్కడ? తక్కువ బలం ఉన్న ఇంజను కోసం చేసిన క్లచ్చు మీద, గేరు పళ్ల మీద, ముప్పై ఏళ్ల నాటి ప్రొపెల్లరు షాఫ్టు క్రాసుల మీద.

పైగా మా పనికి బలం ఎక్కడ తక్కువైంది? ఫోర్ బై ఫోర్ వేసి లో గేరులోకి దించితే చక్రం దగ్గర లాగుడు దాదాపు రెండున్నర రెట్లవుతుంది. గెడ్డలో రాళ్ల మీద నేను నడిచే మనిషి కన్నా మెల్లగా వెళ్తాను. అక్కడ అరవై పైచిలుకు గుర్రాల్లో సగం గడ్డి మేస్తూ ఉంటాయి. ఘాట్లో మాకు చాలనిది బలం కాదు, కంప్రెషన్. అరిగిన అరవై గుర్రాల్ని చూసి "అరవై చాలవు" అనుకోవడం, జ్వరంతో పడుకున్నవాణ్ణి చూసి వీడు బరువులెత్తలేడు అనుకోవడం లాంటిది.

మార్పిడికి నాకు ఇచ్చిన ఎస్టిమేటు "90 వేలు, వారం రోజులు". నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఇంజను కూర్చునే బ్రాకెట్లు కొత్తగా వెల్డింగు చెయ్యాలి. బెల్ హౌసింగుకి అడాప్టరు ప్లేటు. క్లచ్చు ప్లేటు పళ్లు గేరుబాక్సు షాఫ్టుకి కుదరాలి. పైలట్ బేరింగు సైజు. సంపు (ఇంజను అడుగున ఆయిలుండే తొట్టి) ముందు యాక్సిలుకి తగులుతుందా లేదా, కమాన్లు (స్ప్రింగు పట్టీలు) పూర్తిగా అణిగినప్పుడు కూడా చూడాలి. షెడ్డులో చదును నేల మీద నిలబెట్టి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి, గోతిలో పడ్డప్పుడే అసలు పరీక్ష. ఇంజను నాలుగంగుళాలు ముందుకో వెనక్కో జరిగితే ప్రొపెల్లరు షాఫ్టులు కోయాలి లేదా అతకాలి. రేడియేటరు, ఫ్యాను, సైలెన్సరు పైపు, యాక్సిలరేటరు లింకు. బరువు పెరిగితే ముందు కమాన్లు. ఆ ఎస్టిమేటులో వీటిలో సగం లేవు. అడిగితే "అవన్నీ అందులోనే వచ్చేస్తాయి సార్" అన్నారు. ఎలా వచ్చేస్తాయో నాకు తెలుసు. ఒక స్నేహితుడి బండిలో సైలెన్సరు పైపుకి బ్రేకు గొట్టానికి మధ్య వేలు దూరేంత సందు కూడా లేకుండా వచ్చేశాయి.

సీఆర్‌డీఈ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. దానికి కంప్యూటరు, సెన్సర్లు, తాళంచెవిని గుర్తుపట్టే యంత్రం, ఇంటెడు వైరింగు. గెడ్డ మధ్యలో ఆగిపోతే పానా పట్టుకుని ఏం చెయ్యాలి?

ఇంకొకటి, అందరూ గుసగుసగా మాట్లాడేది: సీ బుక్కు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ సీ బుక్కులో రాసినదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగానే చెప్పింది. అదే ఏడు చట్టానికి చేసిన సవరణలో అనుమతి లేని ప్రతి మార్పుకీ యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టారు. అదే కంపెనీ అదే రకం ఇంజను వేస్తే రిజిస్ట్రేషన్ అధికారి అనుమతి అడిగి నంబరు ఎక్కించుకునే దారి ఉంది. స్కార్పియో ఇంజన్ని 540లో పెట్టి అడిగితే ఏమంటారో మీరే ఊహించుకోండి.

"ఎవరు చూస్తార్రా" అంటాడు బావమరిది. బ్రేకు ఇన్‌స్పెక్టరు చూస్తాడు. పదిహేనేళ్లు దాటిన బండిని ఐదేళ్లకోసారి ఆయన ముందు నిలబెట్టాలి. మాది 2022లో నిలబెట్టాం, మళ్లీ 2027లో. పోయినసారి ఛాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిలుతో అచ్చు తీశారు, ఇంజను నంబరు టార్చిలైటు వేసి చదివారు. రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు సర్వేయరు కూడా చదువుతాడు. ఆ రోజు మన పక్కన ఎవరూ ఉండరు, ఆ షెడ్డువాడైతే ఫోనే ఎత్తడు.

ఇంత చెప్పాక, ఓవర్‌హాలు, అంటే పాత ఇంజన్నే విప్పి అరిగినవి సరిచేసి మళ్లీ కూర్చడం, చేయించుకున్నవాళ్లలో చాలామంది ఎందుకు తిట్టుకుంటారో కూడా చెప్పాలి. నేనూ తిట్టుకున్నవాణ్ణే. ఐదేళ్ల కింద ఇదే జీపుని పట్నంలో ఒక షెడ్డుకి ఇచ్చాను. "ఇంజను చేశాం" అన్నారు. చేసింది ఏమిటంటే పాత బోర్లలోనే కొత్త రింగులు తొడిగి, బేరింగులు మార్చి, సంపు మూసేశారు. బండి తొమ్మిది వేల కిలోమీటర్లు బాగానే తిరిగింది. ఆ తర్వాత మొదటికంటే ఎక్కువ ఆయిల్ తాగడం మొదలుపెట్టింది.

ఎందుకు తాగదు? అరిగిన సిలిండరు గుండ్రంగా ఉండదు, కొంచెం కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. పైన వెడల్పు, కింద సన్నం. పిస్టను ఆగి వెనక్కి తిరిగే చోట, రింగు చేరని పైఅంచు అరక్కుండా గట్టులా మిగిలిపోతుంది. కొత్త రింగు పదునైన అంచుతో వెళ్లి ఆ గట్టుకి కొట్టుకుంటుంది. గుండ్రటి రింగు, కోడిగుడ్డు సిలిండరు. ఎక్కడ అతుక్కుంటాయి? దీన్ని ఓవర్‌హాలు అనడం, చిల్లుపడ్డ గొడుగుకి కర్ర మార్చి కొత్త గొడుగనడం లాంటిది. కానీ బండివాళ్ల లెక్కలో ఇది "ఓవర్‌హాలు చేయించినా నిలవలేదు" కింద పడిపోతుంది. ఓవర్‌హాలుకి చెడ్డపేరు తెచ్చినవి ఇలాంటి సగం పనులే.

మేస్త్రిగారు ఆ పని చెయ్యనివ్వలేదు. బ్లాకు, క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్టు), హెడ్డు మూడూ విశాఖ లేతు షాపుకి పంపించారు. ఇక్కడ ఒక ముచ్చట. లేతు షాపు కుర్రాడు డయల్ గేజి సిలిండర్లోకి దించి, తిప్పుతూ, ఒక్కో సిలిండరుకీ మూడు ఎత్తుల్లో, రెండు దిక్కుల్లో కొలతలు తీసి సిగరెట్ పెట్టె అట్ట మీద రాసిచ్చాడు. ఇరవై నాలుగు అంకెలు. ఆ అట్ట ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నేను ఆ పదకొండు మందినీ అడిగిన ప్రశ్నకి మొదటిసారి ఎవరో జవాబిచ్చినట్టనిపించింది. ఎక్కువ అరిగిన చోట 0.3 మిల్లీమీటర్లు. అంటే 0.50 ఓవర్‌సైజుకి, అంటే అర మిల్లీమీటరు వెడల్పుగా, బోరు చేస్తే శుభ్రమైపోతుంది. క్రాంకు అంతకుముందు ఒకసారి టెన్ సైజుకి, అంటే అంగుళంలో పది వెయ్యో వంతులు సన్నగా, గ్రైండింగు అయ్యింది, ఇప్పుడు ట్వంటీకి వెళ్లొచ్చు, ఆ తర్వాత ఇంకో సైజుకి చోటుంది. హెడ్డుని నీళ్లలో ముంచి గాలి ఒత్తిడి పెట్టి చూస్తే బుడగ రాలేదు, పగులు లేదు. వాల్వు సీట్లు మాత్రం కిందికి దిగిపోయాయి, కొత్తవి వేశారు.

ఆ అట్ట మీద అంకెలు వేరేగా ఉంటే? క్రాంకు ఆఖరి సైజు దాటిపోయి ఉంటే, హెడ్డు వాల్వుల మధ్య పగిలి ఉంటే, కనెక్టింగు రాడ్డు విరిగి బ్లాకుకి కన్నం పడి ఉంటే, నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు, అదే రకం ఇంజను కోసం తుక్కు దుకాణాల చుట్టూ తిరుగుతూ, అనుమతి కాయితాల కోసం ఆర్టీవో ఆఫీసులో కూర్చుని ఉండేవాణ్ణి. అప్పుడు మార్పిడే సరి. మారేడుమిల్లి వైపు ఒక స్నేహితుడి జీపులో డీఐ ఆరేళ్లుగా ముత్యంలా నడుస్తోంది. అతను ఇంజనొక్కటే మార్చలేదు. డీఐతో వచ్చిన జీపునే చూసి, దాని గేరుబాక్సూ క్లచ్చూ రేడియేటరూ అన్నీ సెట్టుగా తెచ్చాడు, నాలుగు నెలలు ఓపిక పట్టాడు. మూడొంతులు కొత్త బండి చేసుకున్నాడన్నమాట. అలా చేసేవాళ్లకి నా నమస్కారం.

పిస్టన్లు విజయవాడ ఆటోనగర్లో దొరికాయి, రెండు వారాలు పట్టింది. డీజిల్ పంపూ, డీజిల్ చిమ్మే నాజిళ్లూ వాటిని బాగుచేసే మైకో షాపులో టెస్టు బెంచి మీద పెట్టించాను. ఇది చాలామంది మర్చిపోతారు. పాత నాజిలు చుక్కలు కారిస్తే కొత్త పిస్టను నెత్తి కాలిపోతుంది. రేడియేటరుకి కొత్త కోరు. చీలిన గొట్టానికి బదులు కొత్తది, అరవై రూపాయలు. అరవై రూపాయల గొట్టం ఎంత ఖర్చు తెచ్చిందో చెప్పనా? మొత్తం 1,12,000. పదకొండు వారాలు. అంటే మార్పిడికి మొదట చెప్పిన 90 వేలకంటే ఎక్కువే. ఓవర్‌హాలు చవక అని ఎవరైనా మీకు చెబితే నమ్మకండి. చవకని నేను చేయించలేదు. ఆ లక్షా పన్నెండు వేలకి ఏం కొన్నానో నాకు తెలుసు, అదీ తేడా.

కొత్త ఇంజన్ని అలవాటు చేసే దగ్గర మళ్లీ సలహాదారులు దిగారు. "వెయ్యి కిలోమీటర్లు నలభై దాటించకు, రోజూ అరగంట ఖాళీగా ఆన్ చేసి ఉంచు" అని. మేస్త్రిగారు వింటే కొట్టేలా ఉన్నారు. కొత్త రింగులు బోరుకి అతుక్కోవాలంటే వాటి వెనక గ్యాసు ఒత్తిడి ఉండాలి, అంటే బండి మీద కాస్త బరువు ఉండాలి. ఊరికే ఐడిలింగులో ఉంచితే బోరు గోడ మీద కావాలని గీసే హోనింగు గీతలు నునుపెక్కిపోయి రింగులు జారుతూనే ఉంటాయి. ఆయన చెప్పింది, నాలుగు బస్తాలు వేసుకుని తోటకి వెళ్లిరమ్మని, వేగం మారుస్తూ నడపమని, ఎక్కువ తొక్కొద్దని, ఐదొందలకి ఆయిలూ ఫిల్టరూ మార్చమని. మార్చినప్పుడు పాత ఆయిల్లో సన్నగా వెండి రంగు మెరుపు. అది ఉండాల్సిందే అన్నారు. రెండోసారి మార్చినప్పుడు లేదు.

ఈ డిసెంబరులో మళ్లీ లంబసింగి ఎక్కాం. అదే మలుపు దగ్గర, అదే సెకండ్ గేరులో. వేడి ముల్లు సగం దాటలేదు. పైన ఆపి డిప్ స్టిక్ తీసి చూశాను. ఇంట్లో చూసిన గీత దగ్గరే ఉంది ఆయిల్. బావమరిది కూడా వచ్చాడు. టీ తాగుతూ, "బానే ఎక్కింది గానీ, డీఐ అయితే థర్డ్‌లో ఎక్కేది" అన్నాడు.

దిగేటప్పుడు గేరుబాక్సులోంచి సన్నగా ఈల వినబడింది. మేస్త్రిగారికి ఫోన్ చేసి చెప్పాను. ఫోన్‌లో కూడా ఆయన ఏమీ చెప్పలేదు. సంక్రాంతి వెళ్లాక తీసుకురమ్మన్నారు, ఇప్పీసి సూద్దారి అని.